అడగనివాడికి చెప్పవలసింది



ఈ నెల నేను రాస్తున్నది ఒక పాత ఇంజన్ గురించి. సంఘ పత్రికలో ఇంజన్ గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. ఓపిక పట్టి చివరిదాకా చదవమని మనవి. ఇది నా ఒప్పుకోలు కూడా.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. నా చిన్నతనమంతా గ్రీజు వాసన మధ్యే గడిచింది. నేను చదువుకుని ఈ దేశం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఇంజన్ చప్పుడు వింటే దానికి ఏమొచ్చిందో ఇప్పటికీ కొంత చెప్పగలను. మా సంఘంలో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. ఆ పేరు నాకు సంతోషంగానే ఉండేది.

రెండేళ్ళ క్రితం మా సంఘానికి ఒక విద్యార్థి వచ్చాడు. గుంటూరు వైపు అబ్బాయి, మాస్టర్స్ చదువు. డల్లాస్ చుట్టుపక్కల కారు లేకుండా బతకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అప్పుడే నేను నా పాత సెడాన్ అమ్మేద్దామనుకుంటున్నాను. 4,200 డాలర్లకు అతనికి ఇచ్చాను. మార్కెట్లో ఆ మోడల్‌కు అదే ధర. ఎక్కువ తీసుకోలేదు.

కానీ ఆ కారు ఆయిల్ తాగుతుంది. 1,000 మైళ్ళకు ఒక క్వార్టు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిల్ డబ్బా పెట్టుకునేవాణ్ణి. ఆ అబ్బాయి కారు చూడటానికి వచ్చే ముందు రోజు రాత్రి డిప్‌స్టిక్ మీద పై గీత దాకా ఆయిల్ నింపాను. తర్వాత డిక్కీలోంచి ఆ డబ్బా తీసి గ్యారేజీలో పెట్టాను.

అతను బానెట్ కూడా ఎత్తలేదు. "మీరు చూసుకున్న బండి కదా అంకుల్, ఇంకేం చూస్తాను" అన్నాడు. నేను ఏ అబద్ధమూ ఆడలేదు. అసలు ఏమీ మాట్లాడలేదు.

నాలుగు నెలల తర్వాత హైవే మీద ఆ ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఆ ఇంజన్ పట్టే ఆయిల్ నాలుగున్నర క్వార్టులు. అతను 4,000 మైళ్ళు తిరిగాడు. ఆయిల్ మార్చే రోజు ఇంకా రాలేదు కాబట్టి చూసుకోలేదు. లెక్క మీరే వేసుకోవచ్చు. ఆయిల్ లేక బేరింగులు అరిగిపోయి క్రాంక్ షాఫ్ట్ పాడయింది. దేవుని దయవల్ల అతనికి ఏమీ కాలేదు. వెనక ట్రక్కు వస్తుండగా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అతను ముందుగా ఎవరికి ఫోన్ చేశాడో చెప్పనక్కర్లేదు. నాకే. "అంకుల్, నేనే ఏదో తప్పు చేసినట్టున్నాను. సాల్వేజ్ యార్డులో ఇంజన్ దొరుకుతుందంటున్నారు. మీరు కాస్త చూసిపెడతారా?" అన్నాడు. అప్పుడు కూడా నిజం చెప్పలేదు. "తప్పకుండా చూద్దాం బాబూ" అన్నాను.

ఆ శనివారం ఇద్దరం యార్డుకు వెళ్ళాం. మీలో చాలామంది వెళ్ళి ఉండరు కాబట్టి కొంచెం చెబుతాను. ప్రమాదాల్లో దెబ్బతిన్నవీ, ఇక నడపడం దండగని వదిలేసినవీ వందల కార్లు చక్రాలు తీసేసి వరసగా నిలబెట్టి ఉంటాయి. మన పానాలు మనమే తీసుకెళ్ళి, కావలసింది విప్పుకుని, కౌంటర్ దగ్గర డబ్బు కట్టాలి. ఉన్నది ఉన్నట్టు అమ్మకం. తీసుకెళ్ళాక పని చేయకపోతే మహా అయితే గడువులోపల ఇంకో ఇంజన్ ఇస్తారు గాని, దించిన కష్టం, ఎక్కించిన కష్టం మనవే.

అలాంటి చోట ఇంజన్‌ను ముట్టుకునే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ కారు ఇక్కడికి ఎందుకొచ్చింది? వెనకనుంచి గుద్దితే వచ్చిందంటే మంచిదే, ఆ రోజు ఉదయం దాకా ఇంజన్ నడిచి ఉంటుంది. ఒంటి మీద గీత కూడా లేని కారు యార్డులో కనబడితే మాత్రం అనుమానించాలి. దాని రోగం లోపలే ఉంటుంది.

మొదట చూసిన కారు అలాంటిదే. బయటికి బాగుంది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల తెల్లటి వెన్నలాంటి జిడ్డు. ఆయిల్‌లో నీళ్ళు కలిస్తే అలా అవుతుంది. అయితే చలికాలంలో చిన్నచిన్న దూరాలే తిరిగిన బండికి కూడా మూత కింద కొంచెం తేమ పేరుకుంటుంది. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదే ఏ సంగతైనా స్థిరపడాలని మోషే ధర్మశాస్త్రం చెప్పింది మనుషుల విషయంలోనే గాని, ఇంజన్ విషయంలోనూ అది మంచి పద్ధతే. డిప్‌స్టిక్ తీశాను, ఆయిల్ పాలు కలిసినట్టుంది. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పాను. మూడు లేత గోధుమరంగులో ఉన్నాయి, నాలుగోది కడిగినట్టు తెల్లగా ఉంది. ఆ సిలిండర్‌లోకి కూలెంట్ కారి ఆవిరై ప్లగ్గును శుభ్రం చేసిందన్నమాట. హెడ్ గాస్కెట్ పోయింది, లేదా హెడ్డే పగిలింది. ముగ్గురు సాక్షులూ ఒకటే మాట చెప్పారు. వదిలేశాం.

రెండోది వెనక డిక్కీ నుజ్జయిన కారు. అద్దం మూలన ఆయిల్ మార్చినప్పుడు అతికించే చిన్న స్టిక్కర్ ఇంకా ఉంది, దాని మీద తేదీ, మైళ్ళు ఉన్నాయి. బ్యాటరీ లేని కారులో మీటరు వెలగదు కాబట్టి ఆ స్టిక్కరే మనకు పుట్టినతేదీ పత్రం లాంటిది. ఆయిల్ చుక్క రెండు వేళ్ళ మధ్య రుద్ది వెలుతురులో చూశాను, లోహపు మెరుపు లేదు. ప్లగ్గులు నాలుగూ ఒకే రంగు. క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడుగు రాడ్ తగిలించి తిప్పితే రెండు చుట్లూ ఎక్కడా పట్టకుండా తిరిగింది. ప్లగ్గు రంధ్రంలోంచి ఫోన్‌కు తగిలించే సన్నని కెమెరా దింపి సిలిండర్ గోడలు చూశాను. ఫ్యాక్టరీలో గీసిన అడ్డదిడ్డపు సన్నగీతలు ఇంకా కనిపిస్తున్నాయి, నిలువు గాట్లు లేవు. ఆయిల్ తాగే ఇంజన్‌లో పిస్టన్ తల మీద తడి నల్లటి మడ్డి ఉంటుంది. అది ఉందా అని నాలుగు సిలిండర్లూ ఒకటికి రెండుసార్లు చూశాను.

అలా మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నప్పుడు ఆ అబ్బాయి నా వెనక టార్చి పట్టుకుని నిలబడి, "ఇవన్నీ చూడాలని నాకు తెలియదు అంకుల్. మీ కారు కొన్నప్పుడు నేనేమీ చూడలేదు" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదది. మామూలుగా అన్నాడు. కానీ నా చెయ్యి ఆగిపోయింది. యార్డులో ముక్కూ మొహం తెలియని అమ్మకందారు దగ్గర నేను ఏ తప్పు కోసం గంటసేపు వెతుకుతున్నానో, సరిగ్గా ఆ తప్పునే ఈ అబ్బాయికి నేను దాచిపెట్టి అమ్మాను.

ద్వితీయోపదేశకాండంలో ఒకే సంచిలో రెండు రకాల తూకపురాళ్ళు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, పెట్టుకోవద్దనే ఆజ్ఞ ఉంది. నేను వ్యాపారిని కాను కదా, ఇది నాకు కాదు అనుకుంటూ చదివేవాణ్ణి. ఆ రోజు నా పానాల సంచిలో రెండు రాళ్ళు ఉన్నాయని తెలిసింది. కొనేటప్పుడు తీసేది ఒకటి, అమ్మేటప్పుడు తీసేది ఇంకొకటి.

అయినా ఇంటికి వచ్చాక నా మనస్సు నాకు లాయరు పెట్టింది. "అతను అడగలేదు కదా. అడిగితే చెప్పేవాడివే. కొనేవాడే చూసుకోవాలి, లోకమంతా ఇంతే" అని వాదించింది. ఈ వాదన పాతదే. క్రీ.పూ. 44లో రోమా రచయిత సిసిరో తన కొడుకు కోసం రాసిన ధర్మగ్రంథంలో ఒక కథ పెట్టాడు. రోదు ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వ్యాపారి ధాన్యం తెచ్చాడు. వెనక ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, కొనేవాళ్ళకు తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా వద్దా? చట్టం అడిగినంత చెబితే చాలన్నాడు ఒక తత్వవేత్త. కొనేవాడికి ఏదీ తెలియకుండా ఉండకూడదన్నాడు అతని శిష్యుడు. సిసిరో శిష్యుడి వైపు నిలబడ్డాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇదే ప్రశ్నను క్రైస్తవ దృష్టితో తీసుకుని ఒక మంచి తేడా చూపించాడు. ఒంటికన్ను గుర్రాన్ని అమ్మేవాడు దాని కన్ను గురించి చాటింపు వేయనక్కర్లేదు, అది అందరికీ కనబడుతుంది, ధర మాత్రం తగ్గించాలి. కానీ లోపం కనబడనిదై, దానివల్ల కొనేవాడికి నష్టమో ప్రమాదమో ఉంటే చెప్పి తీరాలి.

నా కారు ఒంటికన్ను గుర్రం కాదు. దాని గుడ్డికన్నును ముందురోజు రాత్రి నేనే కప్పిపెట్టాను.

ఈ పెద్దల మాటలు చదివాక కూడా నాకొక సంగతి మిగిలిపోయింది. "అతను అడగలేదు" అన్నది నిజమే. ఎందుకు అడగలేదు? యార్డులో మేం ఎందుకు అన్నీ చూశాం? అక్కడ మాకు ఎవరి మీదా నమ్మకం లేదు. నమ్మకం లేనిచోట కళ్ళు పనిచేస్తాయి. నా దగ్గర అతను చూడలేదంటే కారణం బద్దకమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. నేను ఆదివారం పక్క కుర్చీలో కూర్చునేవాణ్ణి, ప్రార్థనలో అతని చెయ్యి పట్టుకున్నవాణ్ణి. ఒక మనిషిని నమ్మడమంటే పరీక్ష చేసే హక్కును మానుకోవడం. అతను తన కళ్ళు మూసుకుని నా కళ్ళతో చూశాడు. అలాంటప్పుడు అతని కళ్ళు నా దగ్గర తాకట్టులో ఉన్నట్టే. అడగలేదన్న మాట నన్ను విడిపించదు, ఇంకా గట్టిగా కట్టేస్తుంది. అడగనివాడికే మనం ఎక్కువ చెప్పాలి.

అపరిచితుడి దగ్గర మౌనంగా ఉండటం ఒక తప్పు. నమ్మినవాడి దగ్గర మౌనంగా ఉండటం అంతకంటే పెద్ద తప్పు. నేను ఇన్నాళ్ళూ దీన్ని తలకిందులుగా అనుకున్నాను. మనవాళ్ళే కదా, ఏమీ అనుకోరు అని.

నష్టం అక్కడితో ఆగదు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు, 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన చెప్పింది సులువుగా ఇది. లోపాలు దాచి అమ్మేవాళ్ళు ఎక్కువైతే కొనేవాళ్ళు అన్ని కార్లనూ అనుమానించి తక్కువ ధరే ఇస్తారు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. సంఘంలో కూడా అంతే. ఒకడు మోసపోతే నలుగురు జాగ్రత్త పడతారు. నలుగురు జాగ్రత్త పడితే, నిజాయితీగా సహాయం చేయబోయినవాడిని కూడా అనుమానంగా చూస్తారు. నా ఆయిల్ డబ్బా వల్ల పాడయ్యేది ఒక్క ఇంజన్ అనుకోవడం నా అజ్ఞానం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది రాయడం నాకు ఇంకా కష్టం. ఇంజన్‌కు, గాస్కెట్లకు డబ్బు నేనే పెట్టాను. మూడు శనివారాలు నా గ్యారేజీలోనే పని. మరో ఇద్దరు సహోదరులు వచ్చి చెయ్యి వేశారు. ఆదివారం మీటింగులో ఒకరు లేచి నా ప్రేమను గురించి సాక్ష్యం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నారు. నేను తీర్చవలసిన అప్పు అక్కడ దానంగా చలామణి అయింది. చేసిన తప్పు కంటే ఆ చప్పట్లే నన్ను ఎక్కువ కాల్చాయి.

రెండో శనివారం కారులోంచి దించిన పాత ఇంజన్‌ను విప్పాం. ఏం జరిగిందో చూడాలని ఆ అబ్బాయే అడిగాడు. పిస్టన్ బయటికి తీస్తే ఆయిల్ రింగు గాడిలో మసి గట్టిపడి రాయిలా పట్టేసి ఉంది. వేలితో కదిపితే కదల్లేదు. "ఇది నాలుగు నెలల్లో ఇలా అవుతుందా అంకుల్?" అన్నాడు.

"అవదు. నీకు అమ్మక ముందు నుంచే ఇలా ఉంది. నాకు తెలుసు. చెప్పలేదు" అన్నాను.

అతను పిస్టన్‌ను బల్ల మీద పెట్టి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "డిక్కీలో గుండ్రంగా ఆయిల్ మరక ఉంది అంకుల్. రెండో వారమే చూశాను. డబ్బా పెట్టేవారేమో, ఎందుకో అనిపించింది. ఏదైనా ఉంటే మీరు చెప్పేవారు కదా అనుకున్నాను."

నేను ఏడ్చాను. అతను నన్ను ఓదార్చలేదు. ఓదార్చవలసిన పని అతనిది కాదు.

జక్కయ్య కథ మన పిల్లలకు సండే స్కూల్లో చెట్టు ఎక్కిన పొట్టివాడి కథగా చెబుతాం. అతను చెట్టు దిగాక లెక్క చూసి తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ మాటతో మొదలై డబ్బు దగ్గర ఆగిపోతే అది సగమే. లోపం చెప్పి అమ్మి ఉంటే కారుకు ఎంత వచ్చేదో లెక్క వేసి మిగతాది, కారు లాగించిన ఖర్చు, ఆ వారాల్లో అతను పెట్టుకున్న ట్యాక్సీ డబ్బు ఇచ్చాను. ఆ ఆదివారమే సంఘం ముందు నిలబడి ఆ సాక్ష్యం తప్పని, అది ప్రేమ కాదు బాకీ అని చెప్పాను. పాస్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు గాని, చప్పట్లు ఏమీ లేవు. అలా ఉండటమే బాగుంది.

యార్డు ఇంజన్‌కు కొత్త రింగులు, బేరింగులు, సీళ్ళు వేశాం. సిలిండర్లు సన్నగా హోనింగ్ చేయించాం. ఇప్పటికి 11,000 మైళ్ళు తిరిగింది. ఆ అబ్బాయి సంఘానికి వస్తూనే ఉన్నాడు. నాతో మర్యాదగా మాట్లాడతాడు. కాని మునుపటిలా "మీరు చెబితే చాలు" అనడు. మొన్న నేను ఒక సైకిల్ ఇస్తానంటే బ్రేకులు నొక్కి చూసి తీసుకున్నాడు. చూడాలి కూడా. ఇంజన్‌కు మూడు శనివారాలు పట్టింది, నమ్మకానికి ఎన్ని పడతాయో లెక్క అతని దగ్గర ఉంది.

మరి అమ్మేవాడు ప్రతి గీతా, ప్రతి మరకా చదివి వినిపించాలా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు. ప్రభువు కొండమీది ప్రసంగంలో నేర్పిన కొలత ఉంది కదా, ఇతరులు మనకు ఏం చేయాలని కోరుకుంటామో అదే వాళ్ళకు చేయడం. దాన్ని నేను ఇప్పుడు నా పానాల భాషలో ఇలా పెట్టుకున్నాను: కొనేటప్పుడు నేను దేని కోసం వెతుకుతానో, అమ్మేటప్పుడు అది నేనే చెప్పాలి. మూత విప్పి చూసేవాడిని కాబట్టి మూత కింద ఏముందో చెప్పాలి.

ఇది కార్ల సంగతి మాత్రమే కాదని మీకు తెలుసు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయాలనే సామెత మన నాలుకల మీద ఇంకా ఉంది. "మన చర్చి కుటుంబం" అన్న ఒక్క మాట మీద ఇండియాలో ఆడపిల్ల తల్లిదండ్రులు సంబంధం ఖాయం చేసుకుంటారు, వాళ్ళు వచ్చి చూసుకోలేరు. అబ్బాయి తాగుడు సంగతి తెలిసినవాళ్ళు "మమ్మల్ని అడగలేదు" అని ఊరుకుంటారు. ఉద్యోగానికి ఒకరి పేరు సిఫార్సు చేసేటప్పుడు, అద్దె గది ఇంకొకరికి అప్పగించేటప్పుడు, కొత్తగా దిగిన కుటుంబానికి "ఇక్కడ బాగానే ఉంటుంది" అని చెప్పేటప్పుడు కూడా మన డిక్కీలో ఒక డబ్బా ఉంటుంది. ముందు రోజు రాత్రి దాన్ని తీసి దాచాలనిపిస్తుంది.

మా నాన్న ఆటోనగర్‌లో పాత ఇంజన్ అమ్మేటప్పుడు సుద్దముక్క తీసుకుని దాని మీదే రాసేవాడు. "రింగులు పోయినవి." "హెడ్డులో సన్న పగులు." పక్క షెడ్డువాళ్ళు నవ్వేవాళ్ళు, బేరం పాడుచేసుకుంటున్నావని. ఆయనకు పెద్ద చదువు లేదు. వాక్యం చదవడం కూడా ఆలస్యంగానే నేర్చుకున్నాడు. నేను ఇంజన్ వినడం ఆయన దగ్గర నేర్చుకున్నాను గాని, ఆ సుద్దముక్క తెచ్చుకోలేదు.

ఈ వారం మీరు ఏదైనా అమ్ముతున్నా, ఎవరినైనా సిఫార్సు చేస్తున్నా, ఎదుటివాడు ఏమీ అడగకుండా "మీరు చెబితే చాలు" అంటే, దయచేసి ఒక్క నిమిషం ఆగండి. చెప్పవలసింది చెప్పండి. ఆలస్యమైపోయి ఉంటే ఇప్పుడైనా చెప్పండి.

నా కోసం ప్రార్థించండి.

ప్రభువునందు మీ సహోదరుడు